కంప్యూటర్ సాయానికీ కాల్‌షీట్ ఉండాలి



సినిమా వాళ్లు టైముకి ఎంత విలువ ఇస్తారో తెలియాలంటే తెల్లవారుజామున హైదరాబాద్‌లోని కృష్ణానగర్ వైపు వెళ్లి చూడాలి. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, సహాయ దర్శకులు ప్రొడక్షన్ బండి కోసం రోడ్డు పక్కన నిలబడి ఉంటారు. ఎవరు ఎన్నింటికి, ఏ స్టూడియోలో ఉండాలో ముందురోజే తెలిసిపోతుంది. పెద్ద హీరో అయినా, ఒక్క సీన్‌లో కనిపించే నటుడైనా కాల్‌షీట్ ప్రకారమే రావాలి. ఒప్పుకున్న కాల్‌షీట్‌కి రాకపోతే నష్టం ఒక్కరిది కాదు, యూనిట్ మొత్తానిది.

ఆ చుట్టుపక్కలే ఉన్న జూబ్లీహిల్స్‌లో, ఫిల్మ్‌నగర్‌లో కాల్‌షీట్ లేకుండా రోజూ జరిగే పని ఒకటుంది. డైలాగులు టైపు చేసిన ఫైలు తెరుచుకోలేదనో, పోస్టర్ మీద తెలుగు అక్షరాలు విడిపోయాయనో, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మధ్యలో ఆగిపోయిందనో తెలిసినవాళ్లకి వాట్సాప్‌లో మెసేజ్ పెడతారు. అవతల మాదాపూర్‌లో ఉద్యోగం చేసుకునే ఇంజనీరు ఉండొచ్చు, డల్లాస్‌లో స్థిరపడిన తెలుగాయన ఉండొచ్చు, ఇంజనీరింగ్ మూడో ఏడు చదివే అమ్మాయి ఉండొచ్చు. ఎవరూ రూపాయి తీసుకోరు. తెలిసిన పని కదా, చెబితే పోయేదేముంది అని చెబుతారు. అలా చెప్పేవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఈ సాయంలో పాటించాల్సిన మర్యాద గురించి, అందులో ఖర్చయ్యే టైము గురించి ఇవాళ మీతో మాట్లాడతాను.

ఈ చుట్టుపక్కల ఇది కొత్త అలవాటేమీ కాదు. జూబ్లీహిల్స్‌ని ఆనుకుని ఉన్న యూసుఫ్‌గూడలో కృష్ణకాంత్ పార్కు ఉంది. 2008 ప్రాంతంలో, కంప్యూటర్‌లో తెలుగు రాయడం తెలిసిన కొందరు ఆదివారాలు ఆ పార్కులో కలుసుకునేవాళ్లు. ఈ-తెలుగు అనే సంస్థ ఏర్పడింది ఆ రోజుల్లోనే. హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో స్టాలు పెట్టి, కంప్యూటర్‌లో తెలుగు ఎలా వస్తుందని అడిగిన ప్రతివాళ్లకీ వాళ్లు ఓపిగ్గా చూపించారు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడే లేఖినిని వీవెన్ తయారు చేసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. దానికి ఆధారమైన ఆర్‌టీఎస్ అనే అక్షర పద్ధతి అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగువాళ్లు అంతకుముందెప్పుడో తీర్చిదిద్దినది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను మొదలుపెట్టిన వెన్న నాగార్జున, పాత ఫాంట్లలో చిక్కుకున్న తెలుగుని యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ' అనే ఉపకరణం రాశారు. 2005లో మొదలైన 'స్వేచ్ఛ' సంస్థ విద్యార్థులను కూడగట్టి తెలుగులో కనిపించే ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చింది. ఇవాళ మనం ఫోన్‌లో తెలుగు కొట్టగలుగుతున్నామంటే అందులో ఇలాంటివాళ్ల సాయంత్రాలు, సెలవు రోజులు చాలానే ఉన్నాయి.

పార్కులో ఒకరికెదురుగా ఒకరు కూర్చుని నేర్పుతున్నప్పుడు రెండు సౌకర్యాలుండేవి. అవతలి మనిషికి అర్థమైందో లేదో ముఖం చూస్తే తెలిసేది. చీకటి పడగానే ఎవరిళ్లకు వాళ్లు లేచి వెళ్లిపోయేవాళ్లు. ఆన్‌లైన్‌లో ముఖం కనబడదు, చీకటీ పడదు. నేను చూసినంతలో గొడవలన్నీ ఇక్కణ్ణించే మొదలవుతున్నాయి.

తరచూ వచ్చే ఒక మెసేజ్ చెబుతాను. "సార్, ఫైల్ ఓపెన్ అవ్వట్లేదు, చాలా అర్జెంట్." ఇంతే ఉంటుంది. ఏ ఫైలో, ఏ కంప్యూటరో, ఏ సాఫ్ట్‌వేరో ఉండదు. అడిగిన కుర్రాడు బహుశా ఒక రచయిత దగ్గర సహాయకుడు. పక్క గదిలో దర్శకుడు ఎదురుచూస్తుంటాడు. ఆ కంగారులో అంతకంటే వివరంగా రాయలేడు. "వివరాలు లేకుండా ఎలా చెప్పమంటావ్?" అని మనం విసుక్కుంటే అతను ఇంకా బెదిరిపోతాడు. "కంగారు పడకు తమ్ముడూ. స్క్రీన్ మీద కనిపిస్తున్నది ఫోటో తీసి పంపు. అది విండోసా, మ్యాకా చెప్పు. ఈ ఫైలు ఇంతకుముందు ఏ కంప్యూటర్‌లో తెరుచుకుందో చెప్పు" అని మూడు విషయాలు అడిగితే చాలు. సగం కేసుల్లో ఆ ఫోటో రాగానే జబ్బు తెలిసిపోతుంది.

జబ్బు చాలాసార్లు పాత ఫాంట్లదే. డీటీపీ సెంటర్లలో, రచయితల గదుల్లో ఏళ్ల తరబడి అను ఫాంట్లు రాజ్యమేలాయి. వాటిలో కంప్యూటర్ దాచుకునేది తెలుగు అక్షరాన్ని కాదు. ఇంగ్లీషు అక్షరాలకీ గుర్తులకీ కేటాయించిన స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లో చూస్తే ముత్యాల్లాంటి తెలుగు కనిపిస్తుంది. ఆ ఫాంట్ లేని చోట అదే పేజీ నిండా పిచ్చి గుర్తులు. యూనికోడ్‌లో అలా కాదు, తెలుగుకి విడిగా 128 స్థానాలు కేటాయించారు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి అనే తెలుగు ఫాంట్ కూడా వచ్చింది. అయినా పాతికేళ్లుగా రాసుకున్న స్క్రిప్టులన్నీ అనులో ఉన్న రచయిత వాటిని ఒక్కరోజులో ఎలా వదిలేస్తారు?

అందుకే సాయం చేసేవాళ్లకు నా మొదటి మాట: "ఇంకా అనులోనే ఉన్నారా?" అనకండి. అరవై దాటిన రచయిత అడిగినప్పుడు ఆ ప్రశ్న ఆయనకి తన వయసును ఎత్తిచూపినట్టు ఉంటుంది. "గారు" అని పిలవండి. "సార్, మీ పాత ఫైలు ఎక్కడికీ పోలేదు, భద్రంగానే ఉంది" అని ముందు ధైర్యం చెప్పండి. ఆ తర్వాత మార్చే పద్ధతి చూపించండి. మార్చాక వత్తులు, అంకెలు ఒకసారి సరిచూసుకోమని కూడా చెప్పాలి. కన్వర్టర్లు కొన్ని అక్షరాల దగ్గర తప్పుతాయి. డైలాగ్‌లో ఒక్క వత్తు పోయినా షూటింగ్‌లో నటుడు తడబడతాడు.

వత్తుల సమస్య పోస్టర్ డిజైనర్లకి ఇంకా ఎక్కువ. 'ప్ర' కొడితే వత్తు కిందికి రాకుండా, పొల్లుతో 'ప' ఒకచోట, 'ర' ఇంకోచోట పడతాయి. అడోబ్ వారి సాఫ్ట్‌వేర్లలో ఇది మామూలే. అక్షరాల సెట్టింగుల్లో దక్షిణాసియా లిపులకు పనికొచ్చే ఎంపిక ఒకటి ఉంటుంది. దాన్ని ఎంచుకుని సాఫ్ట్‌వేర్‌ని మూసి తెరిస్తే సరిపోతుంది. ఉచితంగా దొరికే మంచి తెలుగు ఫాంట్ల పేర్లు కూడా చెప్పొచ్చు. సిలికానాంధ్ర సంస్థ చొరవతో వచ్చిన రామభద్ర, మల్లన్న, ధూర్జటి, తిమ్మన లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. రామారావు గారి పేరుతో ఎన్‌టీఆర్ ఫాంట్ కూడా ఉంది. ఇదంతా చెప్పడానికి అయిదు నిమిషాలు చాలు. అయితే "ఇది చాలా సింపుల్ కదా" అన్న మాట నోట రానివ్వకూడదు. తెలిసినవాడికే అది సింపుల్. రాత్రంతా దానితో కుస్తీ పట్టిన డిజైనర్‌కి ఆ మాట చిన్నతనంగా ఉంటుంది. ఇంకోసారి అడగడు. అడగకపోతే అదే తప్పుతో పోస్టర్ ప్రెస్‌కి వెళుతుంది.

ఇక టైము సంగతి. ఉచితంగా సాయం చేసేవాళ్లలో ఎక్కువమంది మానేసేది అలసిపోయి. ఇష్టం లేక మానేసేవాళ్లు తక్కువ. అందుకే సాయానికీ కాల్‌షీట్ ఉండాలంటున్నాను. "నేను బుధవారం, శనివారం రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా చూస్తాను. మిగతా టైములో మెసేజ్ పెట్టండి, వీలైనప్పుడు జవాబిస్తాను" అని రాసి వాట్సాప్ గ్రూపులో పైన పిన్ చేసి పెట్టండి. ఇలా చెబితే పొగరనుకుంటారేమో అని మొహమాటపడేవాళ్లున్నారు. సినిమా మనుషులు అలా అనుకోరు. టైము చెప్పి, చెప్పిన టైముకి వచ్చే మనిషి మీద వాళ్లకి గౌరవం పెరుగుతుంది. అమెరికాలో ఉన్నవాళ్లు ఏ ఊరి టైమో కూడా రాయాలి. వాళ్ల శనివారం ఉదయం ఇక్కడ శనివారం రాత్రి.

వీలు కానప్పుడు వీలు కాదని చెప్పడం చాలామందికి చేతకాదు. మెసేజ్ చూస్తారు, నీలి గుర్తులు పడతాయి, జవాబివ్వరు. అడిగినవాడు వేరే ఎవర్నీ అడగకుండా రెండు గంటలు ఎదురుచూస్తాడు. ఎడిటింగ్ గది అద్దెకు తీసుకున్నవాడికి ఆ రెండు గంటలూ డబ్బే. "ఈ రోజు నాకు కుదరదు, ఫలానావారిని అడగండి" అని ఒక్క వాక్యం రాస్తే అతను అప్పుడే ఇంకో దారి చూసుకుంటాడు. సమాధానం తెలియకపోతే తెలియదని చెప్పడమూ అంతే అవసరం. ఊహతో చెప్పిన సలహా పాటించి ప్రాజెక్టు ఫైలు పోగొట్టుకుంటే ఆ నష్టం మనం తీర్చలేం.

నేను పాటించే ఒక పద్ధతి చెబుతాను. అరగంట ప్రయత్నించినా సమస్య తేలకపోతే ఆపేస్తాను. ఇప్పటిదాకా ఏమేం చేశామో నాలుగు ముక్కల్లో రాసి, మిగతావాళ్లు చూసేలా పెడతాను. ఆ తర్వాత చూసేవాళ్లు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు. పట్టుదలకి పోయి అర్ధరాత్రి దాకా కూర్చుంటే తప్పులు పెరుగుతాయి, మరునాడు మన ఉద్యోగమూ దెబ్బతింటుంది.

మరీ ముఖ్యంగా విడుదల ముందు రాత్రి. మన సినిమాలు ఎక్కువగా శుక్రవారం విడుదలవుతాయి. గురువారం రాత్రి ఎడిటింగ్ గదుల్లోనూ ల్యాబుల్లోనూ ఎవరూ పడుకోరు. ఆ రాత్రి ఎవరైనా సాయం అడిగితే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయమని పొరపాటున కూడా చెప్పకండి. కొత్త వెర్షన్‌లో తెరిచిన ప్రాజెక్టు పాత వెర్షన్‌లో మళ్లీ తెరుచుకోకపోవచ్చు. ముందు ఫైలు కాపీ తీసి వేరే డిస్కులో పెట్టించండి. ఆ రాత్రి గండం గడిచే చిన్న ఉపాయం మాత్రమే చెప్పండి. అసలు మరమ్మతు సోమవారం చూసుకోవచ్చు.

వివరంగా చెప్పాల్సిన విషయం ఇంకొకటుంది, అది గోప్యత. దూరం నుంచి అవతలివారి స్క్రీన్ చూసి సాయం చేసే పద్ధతి ఇప్పుడు మామూలైపోయింది. వాళ్ల కంప్యూటర్‌లో ఏముందో అంతా మన కంటపడుతుంది. ఫిల్మ్‌నగర్‌లో కథే ఆస్తి. రచయితల సంఘంలో కథలు రిజిస్టర్ చేయించుకునేది అందుకే. 2013లో 'అత్తారింటికి దారేది' సినిమా విడుదల కాకముందే దాదాపు 90 నిమిషాల భాగం బయటికి వచ్చేసింది. అక్టోబరులో రావాల్సిన సినిమాని హడావిడిగా సెప్టెంబర్ 27కే విడుదల చేయాల్సి వచ్చింది. ఒక కాపీ ఒక్కసారి చెయ్యి దాటితే ఎంతదూరం పోతుందో పరిశ్రమ అప్పుడు చూసింది. కాబట్టి స్క్రీన్ చూసే ముందే "స్క్రిప్టు ఫైళ్లు మూసేయండి, సమస్య చూపించడానికి ఉత్తుత్తి వాక్యాలతో కొత్త ఫైలు ఒకటి తెరవండి" అని మనమే చెప్పాలి. వాళ్లు చెప్పకముందే మనం చెబితే నమ్మకం కుదురుతుంది. కంటపడిన డైలాగు గురించి ఎవరి దగ్గరా, ఇంట్లో కూడా, మాట్లాడకూడదు. సమస్య చూపించడానికి తీసిన స్క్రీన్ ఫోటోని గ్రూపులో పెట్టే ముందు సినిమా పేరు, మనుషుల పేర్లు చెరిపేయాలి.

పాస్‌వర్డ్ అడగకూడదు. ఓటీపీ అసలే అడగకూడదు. అవతలివారు తెలియక పంపితే "ఇది నాకు పంపకూడదు అమ్మా, వెంటనే మార్చుకోండి" అని చెప్పాలి. పని అయిపోగానే దూరం నుంచి చూసే యాప్‌ను వాళ్ల చేతే తీయించేయాలి. సాయం పేరుతో కంప్యూటర్‌లోకి దూరి బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసే మోసగాళ్లు ఇవే యాప్‌లు వాడుతున్నారు. శ్రోతల్లో ఎవరైనా అలా మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. డబ్బు పోయిన మొదటి గంటల్లో చెబితే ఆపగలిగే అవకాశం ఎక్కువ.

దొంగ సాఫ్ట్‌వేర్ గురించి కూడా చెప్పాలి. షార్ట్ ఫిల్మ్ తీద్దామని ఊరి నుంచి వచ్చి ఇందిరానగర్‌లో గది అద్దెకు తీసుకున్న కుర్రాడు క్రాక్ చేసిన ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతుంటాడు. అది పనిచేయడం లేదని అడుగుతాడు. క్రాక్ ఎక్కించడంలో సాయం చేయను అని నేను నేరుగా చెబుతాను. అక్కడితో వదిలేస్తే మాత్రం సాయం చేసినట్టు కాదు. డావిన్చీ రిజాల్వ్‌లో ఉచిత వెర్షన్ ఉందని, షార్ట్ ఫిల్మ్‌కి అది ధారాళంగా సరిపోతుందని చెబుతాను. త్రీడీ కావాలంటే బ్లెండర్ ఉంది. 2002లో ప్రపంచం నలుమూలల నుంచి అభిమానులు ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగుచేసి, దాని సోర్స్ కోడ్‌ను అందరిదీ చేశారు. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న 'ఫ్లో' అదే బ్లెండర్‌తో తయారైంది. ఈ మాట చెప్పినప్పుడు కుర్రాళ్ల గొంతులో వచ్చే మార్పు నాకు ఎంతో ఇష్టం. డబ్బు లేకపోయినా దారి ఉందని వాళ్లకి అప్పుడు తెలుస్తుంది.

అడిగిన పని మనమే చేసిపెట్టేయడం తేలిక. నేర్పడం కష్టం. మౌస్ మనం లాక్కుని రెండు నిమిషాల్లో ముగిస్తే వచ్చేవారం అదే మనిషి అదే ప్రశ్నతో వస్తాడు. "మీరే నొక్కండి, నేను చూస్తుంటాను" అంటే పదిహేను నిమిషాలు పడుతుంది. కానీ ఆయన ఆ పని తన ఆఫీసులో ఇంకో ఇద్దరికి నేర్పుతాడు. ఎక్కువమంది అడిగే ప్రశ్నలకి జవాబులు తెలుగులో రాసి పెట్టుకోవడం కూడా మంచిది. అది పంపేటప్పుడు "ఇందులో చదువుకోండి" అని విసిరేయకుండా, "మూడో పేరాలో ఉంది సార్, అర్థం కాకపోతే అడగండి" అని కలపండి.

ఇప్పుడు సాయం అడిగేవాళ్లతో ఒక మాట. వలంటీర్‌ని తొందరపెట్టడం వల్ల ఏం జరగగలదో 2024లో ప్రపంచం కళ్లారా చూసింది. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే సాఫ్ట్‌వేర్ దాదాపు అన్ని లైనక్స్ కంప్యూటర్లలోనూ ఉంటుంది. దాన్ని ఫిన్లాండ్‌కు చెందిన లాస్సే కాలిన్ ఏళ్లుగా, జీతం లేకుండా, దాదాపు ఒంటరిగా నడుపుతూ వచ్చారు. మానసిక ఆరోగ్యం బాగాలేక పని నెమ్మదించిందని ఆయనే చెప్పారు. అయినా ఎందుకింత ఆలస్యం, బాధ్యత ఇంకొకరికి అప్పగించొచ్చు కదా అని కొన్ని పేర్లతో ఒత్తిడి మెసేజ్‌లు వచ్చాయి. అదే సమయంలో ఓపిగ్గా సాయం చేస్తున్నట్టు కనిపించిన ఒక అపరిచితుడికి ఆయన పనిలో భాగం ఇచ్చారు. ఆ అపరిచితుడు సాఫ్ట్‌వేర్‌లో దొంగదారి పెట్టాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని అనుమానించి తవ్వి చూసి, 2024 మార్చి 29న బయటపెట్టారు. లేకపోతే ప్రపంచంలో ఎన్నో సర్వర్లు ఆ దొంగల చేతికి వెళ్లేవి. అలసిపోయిన ఒక్క మనిషి మీద అంత బరువు పడనిచ్చింది మనందరం. ఆ సాఫ్ట్‌వేర్ వాడుకున్న కంపెనీలకి డబ్బు లేక కాదు, ఆయన ఎలా ఉన్నారని అడిగే తీరిక లేక.

కాబట్టి సాయం చేసేవాళ్లు అలసిపోయినప్పుడు తప్పుకోవడం నేరం కాదు. 2004లో మొదలైన ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లు తమ ప్రవర్తనా నియమావళిలో, తప్పుకునేవాళ్లు పనిని సవ్యంగా అప్పగించి తప్పుకోవాలని ఒక నియమం పెట్టుకున్నారు. అది మన గ్రూపులకీ కావాలి. ఇంట్లో పెళ్లి ఉందనో, పరీక్షలున్నాయనో, ఒంట్లో బాగాలేదనో చెప్పి, చేతిలో ఉన్న పనులు ఇంకొకరికి అప్పజెప్పి వెళ్లండి. మళ్లీ రావాలనిపించినప్పుడు వద్దురుగాని.

అడిగేవాళ్లు చేయాల్సింది ఎక్కువేమీ లేదు. మెసేజ్‌లోనే అన్ని వివరాలూ పెట్టండి. ఒకే ప్రశ్న నలుగురికి విడివిడిగా పంపి నలుగురి సాయంత్రాలూ ఒకే పనిలో కరిగించకండి. అర్ధరాత్రి ఫోన్ చేయకండి. నిర్మాణ సంస్థల వారికి ఇంకో విన్నపం. ఉచిత సాయం కుర్రాళ్లకి, కొత్త రచయితలకి. కోట్ల బడ్జెట్‌తో తీసే సినిమాకి కంప్యూటర్ మనిషిని జీతమిచ్చి పెట్టుకోవాలి. వలంటీర్ల చేత ఆ పని చేయించుకోవడం న్యాయం కాదు.

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ స్టూడియోల్లో ఏళ్లుగా పనిచేస్తూ సాఫ్ట్‌వేర్‌లో చెయ్యి తిరిగిన ఎడిటర్లు, డిజైనర్లు ఎందరో ఉన్నారు. అయ్యా, అమ్మా, వారానికి ఒక గంట చాలు. ఏ రోజు, ఎన్నింటికి ఇస్తారో చెప్పి ఇవ్వండి. ఆ గంటలో సాయం పొందినవాళ్లు, పని అయిందో లేదో సాయం చేసినవాళ్లకి ఒక్క మెసేజ్ పెట్టండి. చాలామంది పెట్టడం లేదు.